మీ సెంటర్లో ఒక గంట: రోడ్డు మీద జనం ఏం చేస్తున్నారో చూసి, రాసి, పని జరిపించుకోవడం ఎలా

మా పేట చివర హైవే డివైడర్‌కి ఒక సందు ఉంది. రోడ్డు వేసినవాళ్ళు వదిలిన సందు కాదు. ఎవరో రెండు రాళ్ళు పీకేశారు, ఆ తర్వాత బైకులు తిరిగీ తిరిగీ అదే దారైపోయింది. అవతల పాల కేంద్రం, హైస్కూలు, రేషన్ షాపు. ఇవతల ఇళ్ళు. అక్కడ ఎవరైనా పడ్డప్పుడల్లా టీ కొట్టు దగ్గర ఒకటే తీర్పు: "జనానికి బొత్తిగా భయం లేకుండా పోయింది." పిల్లలకి లెక్కలు చెప్పుకునే నేను కూడా ఆ తీర్పుకి తల ఊపినవాణ్ణే.

ఒకసారి కాలికి దెబ్బ తగిలి సెలవు పెట్టాను. ఇంట్లో తోచక ఆ సందు ఎదురుగా మందుల షాపు అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. మూడో రోజుకి నాకు కొంచెం సిగ్గేసింది. భయం లేనివాళ్ళెవరూ కనబడలేదు. భయపడుతూనే దాటుతున్నారు. పాలక్యాన్ల అబ్బాయి, మా స్కూలు పిల్లలు, గుడి పూజారి, ఆఖరికి మా హెడ్మాస్టారు, అందరిదీ అదే సందు. ఒకడు తప్పు చేస్తే వాడి తలపొగరు అనుకోవచ్చు. ఊరు ఊరంతా ఒకే చోట ఒకే తప్పు చేస్తుంటే, ఆ చోటు వాళ్ళచేత ఎందుకు అలా చేయిస్తోందో చూడాలి.

ఆ చూడటం ఎలాగో నేను నేర్చుకున్న క్రమంలోనే చెబుతాను. ఖర్చు ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు, రోజుకి నాలుగు టీలు.

ముందు చోటు ఖాయం చేసుకోండి

ఒక్క చోటే ఎంచుకోండి. ఊరంతా బాగుచేద్దాం అని బయల్దేరితే నోటుబుక్కు రెండో పేజీ దాటదు. పేపర్లో పడ్డ పెద్ద యాక్సిడెంట్ జరిగిన చోటు కంటే, మీరు రోజూ దాటే చోటు మేలు. అక్కడి మనుషులు మీకు తెలుసు, అక్కడ కూర్చోవడానికి మీకు ఒక అరుగు దొరుకుతుంది.

ఏ చోటో తేలకపోతే పంక్చర్ షాపు అతన్ని అడగండి. రోడ్డుకి ఎదురుగా పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునేది అతనే. బండి పడితే ముందు పరిగెత్తేదీ, 108కి ఫోన్ చేసేదీ చాలాసార్లు అతనే. తర్వాత మీరే ఆ రోడ్డు అంచు వెంట నెమ్మదిగా నడవండి. ఎర్రటి, నారింజ రంగు ఇండికేటర్ ముక్కలు, అద్దం పెంకులు, డివైడర్ రాళ్ళకి అంటుకున్న బండి రంగు, ఒరిగిపోయిన బోర్డు, గన్నేరు మొక్కల మధ్య గడ్డి చచ్చి ఏర్పడిన సన్నటి బాట. ఆ బాట కనిపించిందంటే మీకు కావలసిన చోటు దొరికినట్టే. డివైడర్ ఎక్కడానికి వీలుగా ఎవరో ఒక ఇటుక వేసి ఉంటారు, అది కూడా చూడండి. ఆ ఇటుక వేసినవాళ్ళు ముసలివాళ్ళ కోసం వేశారు.

కూర్చునే చోటు రోడ్డుకి దూరంగా, నీడలో, వీలైతే ఒక మెట్టు ఎత్తులో ఉండాలి. డివైడర్ మీద నిలబడి చూడటం అనే పని చచ్చినా చెయ్యొద్దు. మేడ మీది బాల్కనీ దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. ఫోను పైకెత్తి రోడ్డు వైపు పట్టుకోవద్దు. మన దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డ మనిషి అంటే చలాన్ కోసం ఫోటో కొడుతున్నవాడు. ట్యాంకు మీదున్న హెల్మెట్ క్షణంలో తలమీదికి వెళుతుంది, వెనక కూర్చున్నాయన చెయ్యి నంబర్ ప్లేటు మీదికి వెళుతుంది, మీరు చూడాలనుకున్నది ఇంక కనబడదు. అట్ట ప్యాడ్, మెడలో ట్యాగ్ లాంటివీ వద్దు. చిన్న నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుంటే ఖాతా రాసుకుంటున్నారనుకుంటారు. షాపు యజమానికి, అక్కడ డ్యూటీలో ఉండే కానిస్టేబుల్‌కి మాత్రం సంగతి ముందే చెప్పండి. స్కూలు ఎదురుగా అయితే హెడ్మాస్టరుకి కూడా. రోజూ వచ్చి పిల్లల్ని చూస్తూ కూర్చునే కొత్త మనిషిని ఎవరైనా అనుమానిస్తారు, అనుమానించాలి కూడా.

మొదటి రోజు పెన్ను తీయొద్దు

ఇది కష్టం. కూర్చోగానే రాయాలనిపిస్తుంది. కానీ మొదటి రోజు మీకు కనిపించేవి మీకు ముందే కోపం ఉన్నవి మాత్రమే: హెల్మెట్ లేని కుర్రాడు, ట్రిపుల్ రైడింగ్, ఫోను చెవిలో దోపుకున్న ఆటో అతను. అవి అయిపోయాక, అరగంట తర్వాత, మిగిలినవి కనిపించడం మొదలవుతుంది.

నాకు అలా కనిపించిన మొదటి మనిషి ఒక పూలమ్మే పెద్దావిడ. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇటు పక్క సగం రోడ్డు దాటి డివైడర్ దగ్గర ఆగింది. అవతలి సగం దాటాలి. గన్నేరు కొమ్మలు ఆవిడ మొహం దాకా ఉన్నాయి. వచ్చే బండ్లు ఆవిడకి కనబడవు, ఆవిడ వాళ్ళకి కనబడదు. అందుకని ఒక కాలు రోడ్డు మీదికి దించి, మెడ బయటికి పెట్టి చూస్తుంది. ఎడం పక్క నుంచి వచ్చే లారీ అతనికి ఉన్నట్టుండి కొమ్మల్లోంచి ఒక బుట్ట, ఒక కాలు కనిపిస్తాయి. అతను హారన్ కొడతాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంటుంది. ఇలా మూడు సార్లు, నాలుగు సార్లు. ఆవిడ చేసేది తప్పంటే తప్పే. కానీ ఆ మొక్కలు అడుగున్నర తక్కువ ఎత్తు ఉంటే ఆవిడకి ఆ కాలు దించాల్సిన అవసరమే లేదు. అదే రోడ్డు మీద ఏళ్ళుగా బండి నడిపిన నేను ఆ కాలును ఎప్పుడూ చూడలేదు.

మొదటి రోజు పని అంతే. చూసి ఇంటికి వెళ్ళడం.

చేతి బొమ్మ గీయండి

రెండో రోజు ఒక తెల్ల కాగితం మీద ఆ చోటును పైనుంచి కాకి చూసినట్టు గీయండి. అందంగా రానక్కర్లేదు. రోడ్డు వెడల్పు, డివైడర్, సందు, షాపులు, కరెంటు స్తంభాలు, ఏ స్తంభానికి లైటు వెలగదో అది. బస్టాపు రెండు చోట్ల గీయాల్సి రావచ్చు: షెల్టర్ కట్టిన చోట ఒకటి, బస్సు నిజంగా ఆగే చోట ఇంకొకటి. షేర్ ఆటోలు నిలబడే చోటు, అరటిపళ్ళ బండి, సాయంత్రం మాత్రమే వచ్చే పానీపూరీ బండి. కొలతలు అడుగులతో వేసుకుంటే సరిపోతుంది. ఇంటి దగ్గర టేపుతో పది అడుగులు వేసి మీ అడుగు ఎంతో ఒకసారి తెలుసుకోండి చాలు.

ఈ బొమ్మ మీద తర్వాత రోజుల్లో మనుషులు దాటే దారుల్ని గీతలుగా వేస్తూ పోండి. వారం తిరిగేసరికి ఎక్కడ గీతలు దట్టంగా అల్లుకున్నాయో అక్కడ జనానికి దారి కావాలి. జీబ్రా గీతలు వంద మీటర్ల అవతల ఉన్నాయంటే తప్పు జీబ్రా పెట్టినవాళ్ళది.

ఏం లెక్కపెట్టాలి, ఎప్పుడు

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా బైకులు, స్కూటర్ల మీద ఉన్నవాళ్ళు. 19 మందికి పైగా నడిచి వెళ్ళేవాళ్ళు. కాబట్టి మీ కాగితం మీద మొదటి గళ్ళు వాళ్ళవే కావాలి. కార్లు ఎలా పోతున్నాయన్నది వాళ్ళకి ఏమవుతోందన్న దాని కోసమే చూడండి.

ఒకేసారి అయిదు విషయాలకి మించి లెక్కపెట్టలేరు. నేను ప్రయత్నించి విఫలమయ్యాను. నా అయిదు ఇవి: సందులోంచి నడిచి దాటినవాళ్ళు, అందులో పిల్లలు, సందులోంచి తిరిగిన బండ్లు, రాంగ్ రూట్‌లో వచ్చిన బండ్లు, జస్ట్ మిస్‌లు. హెల్మెట్లు కావాలంటే వేరే రోజు, వేరే కాగితం.

ప్రతి దానికీ ముందే అర్థం ఖాయం చేసుకోవాలి, లేకపోతే మీ లెక్కకి, మీ తమ్ముడి లెక్కకి పొంతన ఉండదు. హెల్మెట్ మోచేతికి తగిలించుకుంటే, ట్యాంకు మీద పెట్టుకుంటే లేనట్టే. టోపీ లాంటి సగం హెల్మెట్ ఉన్నట్టా లేనట్టా? ఏదో ఒకటి అనుకోండి, చివరిదాకా మార్చొద్దు. షాపు ముందు నుంచి బండిని కాళ్ళతో తోసుకుంటూ నాలుగు అడుగులు ఎదురు వస్తే రాంగ్ రూటా? నేను కరెంటు స్తంభాన్ని హద్దు పెట్టుకున్నాను. ఒక స్తంభం దాటి ఎదురు వస్తేనే రాంగ్ రూట్.

పదిహేను నిమిషాలు రాయడం, అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోవడం. నాలుగు గీతలు నిలువుగా, అయిదోది అడ్డంగా, చిట్టా లెక్క. వేళలు ఆ చోటే చెబుతుంది. స్కూలు గంటకి ముందు అరగంట, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, సంత రోజు, ఆదివారం పొద్దున మటన్ షాపుల వేళ, ముహూర్తాల రోజుల్లో రాత్రి. చీకటి పడే ఆ ముప్పావు గంటను మాత్రం వదలొద్దు. కొందరు లైట్లు వేసి ఉంటారు, కొందరు వెయ్యరు. వేసినవాళ్ళలో సగం మంది హై బీమ్. నడిచేవాళ్ళు నల్లటి నీడల్లా ఉంటారు. వాన పడితే ఇంటికి పోకండి, ఆ రోజు లెక్క వేరే పేజీలో రాయండి.

జస్ట్ మిస్ అంటే ఏమిటి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే, అందుకని ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం.

ఒక చోట యాక్సిడెంట్లు ఏడాదికి రెండో మూడో అవుతాయి. జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే, 500 మీటర్ల మేర మూడేళ్ళలో మరణమో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అంటే ఆ లెక్క కోసం ఎదురుచూస్తే ముందు మనుషులు పోవాలి. జస్ట్ మిస్‌లు అలా కాదు, రోజూ జరుగుతాయి, ఒక్క పొద్దులోనే చేతికి లెక్క వస్తుంది.

ఇది మన టీ కొట్టు తెలివి మాత్రమే కాదు. 1967లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీలో పెర్కిన్స్, హారిస్ అనే ఇద్దరు కూడళ్ళ దగ్గర నిలబడి, సడెన్‌గా వెలిగే బ్రేక్ లైట్లను, పక్కకి తప్పుకునే బండ్లను లెక్కపెట్టే పద్ధతి తయారుచేశారు. తర్వాత స్వీడన్‌లోని లుంద్ యూనివర్సిటీలో క్రిస్టర్ హీడెన్ బృందం దాన్ని గట్టి శాస్త్రంగా మార్చింది. వాళ్ళ సూత్రం చాలా సులువు. ఇద్దరూ అలాగే వెళితే గుద్దుకుంటారు అనే దారిలో ఉన్నప్పుడు, ఒకరు బ్రేకు వేసిన, పక్కకి తిప్పిన లేదా పరిగెత్తిన ఆ క్షణంలో, గుద్దుకోవడానికి ఇంకా ఎన్ని సెకన్లు మిగిలి ఉంది? ఊళ్ళో రోడ్ల మీద సెకనున్నర కంటే తక్కువ ఉంటే దాన్ని తీవ్రమైనదిగా తొలి రోజుల్లో లెక్కవేసేవాళ్ళు.

సెకనున్నర ఎంతో తెలియాలంటే "వెయ్యిన్నూటొకటి" అని మామూలుగా పలకండి. సుమారుగా అంతే. పక్కాగా కావాలంటే బాల్కనీ నుంచి ఫోనులో వీడియో తీసి తర్వాత నిదానంగా చూడొచ్చు. మామూలు ఫోను వీడియోలో సెకనుకి 30 బొమ్మలుంటాయి. మనిషి దాటేసిన చోటికి బండి ఎన్ని బొమ్మల తర్వాత వచ్చిందో లెక్కపెట్టండి. ఇది అచ్చంగా వాళ్ళ సూత్రం కాదు గానీ, ఎంత దగ్గరగా తప్పిందో చెబుతుంది. ఆ వీడియో మీ దగ్గరే ఉండాలి. పేట వాట్సాప్ గ్రూపులో పెట్టారో, మొహాలు గుర్తుపట్టి నవ్వుకోవడం తప్ప ఏ పనీ జరగదు. నంబర్ ప్లేట్లు కూడా రాసుకోవద్దు.

నేను మూడు రకాలుగా రాసుకుంటాను. మామూలుగా నెమ్మదించడం, చుక్క. గట్టిగా బ్రేకు పడటం, పక్కకి కోసుకుపోవడం, దాటేవాళ్ళు పరుగెత్తడం, గీత. చూస్తున్న నాకు కడుపులో తిప్పినట్టయితే, అడ్డగీత. చివరిది శాస్త్రీయం కాదని నాకు తెలుసు. కానీ ఆ అడ్డగీతల్ని తర్వాత వీడియోలో చూస్తే దాదాపు అన్నీ సెకను లోపువే.

హారన్‌ని లెక్కలోకి తీసుకోకండి. మన దగ్గర హారన్ ఒక భాష. వస్తున్నా, పక్కకి జరుగు, బాబాయ్ బాగున్నావా, అన్నిటికీ అదే. బ్రేకు అబద్ధం ఆడదు, టైరు అబద్ధం ఆడదు, పరిగెత్తే మనిషి కాళ్ళు అసలే ఆడవు.

ఎక్కువ జస్ట్ మిస్‌లు సందు దగ్గర కాకుండా మీరు ఊహించని చోట బయటపడొచ్చు. మా దగ్గర బస్సు ముందు బయటపడ్డాయి. ఆర్టీసీ బస్సు షెల్టర్ దాకా రాలేదు, ఎందుకంటే షెల్టర్ ముందు షేర్ ఆటోలున్నాయి. అందుకని రోడ్డు మీదే ఆగింది. దిగినవాళ్ళు బస్సు ముందు నుంచి చుట్టి రోడ్డు దాటుతారు. బస్సు కుడి పక్క నుంచి ఓవర్‌టేక్ చేసే బైకు అతనికి బస్సు తప్ప ఏమీ కనబడదు. దిగిన పిల్లకి బస్సు మూతి దాటేదాకా బైకు కనబడదు. ఇద్దరూ తప్పు చేయలేదు, ఇద్దరికీ గుండె ఆగినంత పనైంది. అడ్డగీత.

స్పీడు కొలవడం

రాడార్ గన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకోండి. స్తంభాల మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా ఉండదు, నమ్మొద్దు. బండి ముందు చక్రం మొదటి గుర్తు దాటినప్పుడు ఫోను స్టాప్‌వాచ్ నొక్కండి, రెండోది దాటినప్పుడు ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నాలుగున్నర సెకన్లయితే 40. మూడు సెకన్లయితే 60. రెండుంపావు అయితే 80. వేలు అటూ ఇటూ రెండు పదో వంతుల సెకను తడబడితే 60 అనుకున్నది 56 కావచ్చు, 64 కావచ్చు. చోటుంటే 100 మీటర్లు పెట్టుకుని 360ని భాగించండి, తేడా తగ్గుతుంది.

ముందు ఎవరూ అడ్డం లేకుండా ఖాళీగా వచ్చే బండ్లనే తీసుకోండి. నలభై బండ్లు చాలు. తక్కువ నుంచి ఎక్కువకి వరసగా రాసి 34వది చూడండి. నూటికి 85 మంది ఆ స్పీడులోనో అంతకంటే తక్కువలోనో వెళ్తున్నారన్నమాట. ఇంజనీర్లు సగటు కంటే ఈ అంకెనే పట్టించుకుంటారు, అర్జీలో ఇది ఉంటే మీ మాటకి బరువు వస్తుంది.

ఇప్పుడు ఆ అంకెను పూలావిడకి కట్టి చూడండి. డివైడర్ నుంచి అంచుదాకా రెండు లైన్లు, ఏడు మీటర్లు. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్ల చొప్పున ఆరు సెకన్లలో దాటతాడు. ఆవిడ నడక 0.8 అనుకుంటే తొమ్మిది సెకన్లు. 60లో వచ్చే బండి తొమ్మిది సెకన్లలో దాదాపు 150 మీటర్లు వస్తుంది. అంటే ఆవిడ నిలబడ్డ చోటు నుంచి 150 మీటర్లు కనబడాలి. మీరు ఆవిడ నిలబడ్డ చోట (బండ్లు లేనప్పుడు, డివైడర్ లోపలి పక్క) ఆవిడ ఎత్తుకి వంగి చూడండి. ఎంత కనబడుతోంది? మా దగ్గర గన్నేరు అడ్డం వచ్చి ముప్పై మీటర్లు కూడా కనబడలేదు. 60లో ఉన్న బండి ఆగడానికి మన రోడ్ల ప్రమాణాల ప్రకారం 80 మీటర్లు కావాలి.

మనుషుల్ని అడగండి, మందలించకండి

"అక్కడ యూటర్న్ ఉండగా ఇలా ఎందుకొస్తున్నారు?" అని అడిగితే ఎవరైనా బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతారు. "ఎక్కడిదాకా తమ్ముడూ?" అని అడగండి. పాలక్యాన్ల అబ్బాయిని అలాగే అడిగాను.

"కేంద్రానికి మాస్టారూ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"యూటర్న్ దగ్గరికి పోతే?"

"ఆ టైముకి కేంద్రం మూసేస్తారు. అయినా అక్కడ లారీలు ఎట్లా తిరుగుతాయో మీరు చూశారా? నాకు ఇక్కడే తక్కువ భయం."

నేను చూడలేదు. వెళ్ళి చూశాను. అతను చెప్పింది నిజం. లెక్క వేస్తే, యూటర్న్ 1.2 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్ళి రావడానికి 2.4 కిలోమీటర్లు. పాత బండికి దాదాపు అయిదు రూపాయల పెట్రోలు, నాలుగు నిమిషాలు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, రోజుకి నాలుగు సార్లు. జనం ఈ కూడిక కాగితం మీద వేయరు గానీ ఒంట్లో వేసుకుంటారు.

ఇలా పదిమందితో మాట్లాడాక మీ కాగితంలో ప్రతి పని పక్కనా ఒక కారణం రాయగలుగుతారు. దారి లేక చేసేది, కనబడక చేసేది, తెలియక చేసేది, తెలిసి పొగరుతో చేసేది. పొగరు కేసులు ఉంటాయి, లేవనను. సైలెన్సర్ పీకిన బండి మీద రోజూ సాయంత్రం వచ్చే ఇద్దరు కుర్రాళ్ళని నేను మూడు వారాలు చూశాను. వాళ్ళకి కావలసింది పోలీసులే. కానీ ఆ గడి చిన్నది. మిగతా గళ్ళకి ఫైన్ వేస్తే డబ్బు వస్తుంది గానీ గీతలు తగ్గవు.

కాగితాన్ని ఎవరి బల్ల మీద పెట్టాలి

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. కిలోమీటరు రాయి నెత్తి పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. జాతీయ రహదారి మీద గుంత, ఆగిపోయిన బండి, ప్రమాదం లాంటి వాటికి 1033కి ఫోన్ చేయండి. సందు, మొక్కలు, లైట్ల వంటి వాటికి రాతపూర్వక అర్జీ కావాలి. ఊళ్ళో రోడ్డయితే మున్సిపాలిటీ, లేదా ఆర్ అండ్ బీ. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు తీసుకోకుండా కదలొద్దు. నా మొదటి అర్జీ ఒక ఆఫీసులో ఇచ్చి రసీదు అడగడానికి మొహమాటపడ్డాను. రెండు నెలల తర్వాత వెళితే అలాంటి కాగితమే రాలేదన్నారు.

అర్జీ ఒక్క పేజీ. "ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" అనే వాక్యంతో మొదలుపెట్టొద్దు, ఆ వాక్యం వాళ్ళు రోజూ వందసార్లు చదువుతారు. ఇలా మొదలుపెట్టండి: ఫలానా కిలోమీటరు రాయి దగ్గర, ఫలానా తేదీ మంగళవారం, ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, దాటినవాళ్ళు ఇంతమంది, అందులో స్కూలు యూనిఫాంలో ఇంతమంది, గట్టి బ్రేకు పడిన సందర్భాలు ఇన్ని, బండ్ల స్పీడు ఇంత. కింద చేతి బొమ్మ. దాని కింద అడిగేది, చవకైనది ముందు.

చవకైనవి నిజంగా చవక. మొక్కలు మోకాలెత్తుకి కత్తిరించడం. వెలగని లైటు మార్చడం. ఆటోలకి షెల్టర్ దాటాక చోటు చూపించి బస్సుకి షెల్టర్ ఖాళీ చేయించడం. దీనికి ఇంజనీర్ కూడా అక్కర్లేదు, ఆటో యూనియన్ పెద్ద, డిపో మేనేజర్, ట్రాఫిక్ ఎస్సై ఒక టీ తాగితే అయిపోతుంది. ఖరీదైనవి తర్వాత: దగ్గరగా యూటర్న్, నడిచేవాళ్ళు మధ్యలో నిలబడటానికి గద్దె, సర్వీస్ రోడ్డు. సందు మూసేయమని మాత్రం ఒంటరిగా అడగొద్దు. దారి ఇవ్వకుండా మూస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

స్పీడ్ బ్రేకర్ సొంతంగా వేసుకోవద్దు. యాక్సిడెంట్ అయిన రాత్రే ఎవరింటి స్లాబులోనో మిగిలిన కాంక్రీటు తెచ్చి గట్టులా పోసేస్తారు. పెయింట్ ఉండదు, బోర్డు ఉండదు. మర్నాటి నుంచి రాత్రిపూట వచ్చే బైకులు దాని మీద ఎగురుతాయి, వెనక కూర్చున్న ఆడవాళ్ళు పడతారు. రోడ్ల ప్రమాణాలు ఖాయం చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ చెప్పిన హంప్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, పడుకున్న చాపలా ఉండాలి, గోడలా కాదు. జాతీయ రహదారి మీద అసలు వేయకూడదు.

పాత ప్రమాదాల లెక్క కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పోలీసుల్ని అడగొచ్చు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజులు గడువు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఎ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి: రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో జరిగితే బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. దాన్ని అర్జీలో బెదిరింపులా రాయొద్దు. చివరి వాక్యంలో మామూలుగా ప్రస్తావిస్తే చాలు, చదివేవాళ్ళకి అర్థమవుతుంది. జిల్లా రహదారి భద్రతా కమిటీకి ఒక కాపీ పెట్టండి.

పని అయ్యాక మళ్ళీ అదే అరుగు

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. మొక్కలు కొట్టారు, ఫోటో దిగాం, అయిపోయింది. కాదు. మొదటి వారం జనం కొత్తదాన్ని చూసి జాగ్రత్తపడతారు, ఆ వారం లెక్క వద్దు. నెల ఆగి, వారంలో అదే రోజు, అదే గంట, అదే కాగితం, అవే అర్థాలతో మళ్ళీ లెక్కపెట్టండి. మొదటిసారి ఎండ రోజైతే రెండోసారీ ఎండ రోజే. దాటేవాళ్ళ సంఖ్య మారిందేమో కూడా చూడాలి. స్కూలు సెలవుల్లో జస్ట్ మిస్‌లు తగ్గాయని సంబరపడితే అది మీ మొక్కల గొప్ప కాదు. అందుకని ఎప్పుడూ వంద మంది దాటితే ఎన్ని అని చూసుకోండి.

మా దగ్గర మొక్కలు కొట్టాక పూలావిడ కాలు దించడం మానేసింది. డివైడర్ మీద నిలబడి, చూసి, ఒకేసారి దాటుతోంది. ఆటోలు పది రోజులు కొత్త చోట నిలబడి మళ్ళీ పాత చోటికి వచ్చేశాయి, ఎందుకంటే కొత్త చోట నీడ లేదు. అది మేము ఆలోచించలేదు. చెట్టు పెరిగేలోపు నీడకి టార్పాలిన్ పట్టా కడదామని యూనియన్ వాళ్ళతో మాట్లాడుతున్నాం.

తర్వాత ఎవరు అడిగారో తెలియదు గానీ, ఒకరోజు పొద్దున్నే వచ్చి సందును కాంక్రీటు దిమ్మలతో మూసేశారు. దగ్గరలో యూటర్న్ ఇవ్వలేదు. మీ దగ్గరా ఇలా జరిగితే, మూసిన చోటు లెక్క సున్నా వచ్చిందని కాగితం మడిచేయకండి. అటూ ఇటూ మూడు వందల మీటర్లు డివైడర్ వెంట నడిచి రాళ్ళు చూడండి. మా దగ్గర పెట్రోలు బంకు ఎదురుగా రెండు రాళ్ళు అప్పుడే కదిలాయి, పక్కన ఎవరో ఒక ఇటుక కూడా వేశారు. సోమవారం నుంచి నేను బంకు పక్క టైలర్ షాపు అరుగుకి మారుతున్నాను.